తాడు పట్టిన చెయ్యి

పాశమైలారం,
శుక్రవారం

అక్కకు, తమ్ముడు మల్లేశం నమస్కరించి రాస్తున్నది. నువ్వూ బావా పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నా ఒంటికి ఏమీ కాలేదు. ఎవరైనా వచ్చి ఏదైనా చెబితే కంగారు పడకు, నేను బాగానే ఉన్నాను.

ఇక్కడ ఎండలు ముదిరాయి. కంపెనీ వెనక కాలువ కంపుకు అన్నం సయించదు. నువ్వు పంపిన మామిడి తొక్కు అయిపోయింది. ఈసారి చిన్న సీసా చాలు. సగం నాతో పనిచేసే యాదయ్యన్నే తినేవాడు.

వచ్చిన కొత్తలో నాతో కలిసి ఎవరూ తినడం లేదని రాశాను కదా. కాంట్రాక్టరు తెచ్చిన మనిషినని, మాటలు మోస్తానని వాళ్ల అనుమానం. నేను వాదించలేదు. ఒకరి తల్లికి జ్వరమొస్తే అతని డ్యూటీ కూడా చేశాను. ఎవరైనా కునుకు తీస్తే చూడనట్టే ఉన్నాను. మందుల సరుకు ఉడికే రియాక్టరును, అదే ఆ పెద్ద ఇనుప పీపాను, కడగాలంటే మనిషి నడుముకు తాడు కట్టుకుని లోపలికి దిగాలి. పైన తాడు ఎవరు పట్టాలో దిగేవాడే చెబుతాడు. ఎనిమిది నెలలకు యాదయ్యన్న ఆ తాడు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇగ నువ్వే పట్టు తమ్మీ" అన్నాడు. ఆ రోజు నాకు కడుపు నిండిపోయింది. తర్వాత అందరూ నన్నే అడిగేవారు.

అది షిఫ్టు సారు కనిపెట్టాడు. పోయిన వారం నన్ను పక్కకు పిలిచి, "లోపల విషపు గ్యాస్ ఉన్నదో లేదో చూసేటాయన రాలే. పైనుంచి జల్దీ చేయమంటున్నరు. టెస్టు అయిందని నువ్వు చెప్పు, నువ్వు చెప్తే దిగుతరు" అన్నాడు. నా మాటకు అంత విలువుందని పొంగిపోయాను అక్కా. నీ దగ్గర దాచను.

యాదయ్యన్న దగ్గరికి వెళ్లి, "టెస్టు అయిందన్నా" అన్నాను. అతను టెస్టు కాగితం కూడా అడగలేదు. "నువ్వు చెప్పినవ్ గద, ఇంకేంది" అని దిగాడు.

పైకి లాగమనాలంటే లోపలివాడు తాడు కుదపాలి. తాడు కదలలేదు. పిలిచాను, పలకలేదు. నలుగురం కలిసి లాగాం. బయటికి వచ్చేసరికి ప్రాణం లేదు.

వాళ్లింటికి వెళితే వదిన నా చేతులు పట్టుకుని, "ఆఖరి దాకా తాడు ఇడువలేదంట గద తమ్మీ" అని ఏడ్చింది. షిఫ్టులో నన్నెవరూ ఒక్క మాట అనలేదు. టెస్టు తప్పుగా చేయించాడని సారునే తిడుతున్నారు. నన్ను తిట్టినా బాగుండేది. సారేమో నన్ను షిఫ్టు మేస్త్రీని చేస్తానంటున్నాడు, వాళ్లు నా మాట వింటారట.

యాదయ్యన్న జాగాలో అతని బామ్మర్ది నర్సింలును తీసుకున్నారు. సోమవారం అదే రియాక్టరులోకి దిగాలి. నిన్న వచ్చి, "తాడు నువ్వే పట్టాలె అన్నా. మా బావ గూడ నీకే ఇస్తుండె గద. నువ్వుంటే నాకు భయం లేదు" అన్నాడు. తలూపాను.

సోమవారం పొద్దున, అతను తాడు కట్టుకోకముందే, అందరి ముందూ జరిగింది చెబుతాను. ఆ తర్వాత నా చేతికి ఎవరూ తాడివ్వరు. పనీ ఉండదు. నా నోరు పెగిలేలా దీవించు. అమ్మకు, బావకు నా దండాలు చెప్పు. పిల్లలను అడిగానని చెప్పు.

ఇది నీకు అందేసరికి సోమవారం దాటిపోతుంది. నేను సంచి పట్టుకుని మీ వాకిట్లోకి వస్తే చెప్పాననుకో. మేస్త్రీనయ్యానని ఉత్తరం వస్తే మాత్రం చదవకు అక్కా, చించి పొయ్యిలో వెయ్యి.

నీ తమ్ముడు
మల్లేశం