నీరు బయటికి పొర్లదు

అక్టోబర్ 15, శనివారం

గేటుకి ‘మరమ్మతులు జరుగుతున్నాయి, లోపలికి రాకూడదు’ అని బోర్డు పెట్టారు. మరమ్మతుల వాళ్ళం మేమే. నెల తర్వాత దేశమంతా ఒకే రోజు రాసే పరీక్షకి కొండ మీది ఈ హోటల్లో కూర్చుని ప్రశ్నలు తయారు చేయాలి. ఆ రోజు చివరి పేపరు మొదలయ్యేదాకా గేటు దాటకూడదు. కిటికీలకి మందపాటి ప్లాస్టిక్ అంటించారు. ఫోన్లు తీసేసుకున్నారు. చెత్త సంచులు కూడా బయటికి పోవట.

మా ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. అత్తగారికి, బడిలో పిల్లలకి జపాన్‌లో శిక్షణ అని చెప్పాను. జపాన్ నుంచి నాకేం తెచ్చావే అని ఆవిడ తప్పకుండా అడుగుతుంది. తిరిగి వెళ్ళేటప్పుడు ఏదో ఒక దుకాణం చూసుకోవాలి.

ప్రశ్నలు రాసేది ప్రొఫెసర్లు. నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పే టీచర్ని. పిల్లల్లా కూర్చుని ఆ ప్రశ్నలు చేసి, ఎక్కడ బోల్తా పడతారో చెప్పడం నా పని. ఇరవయ్యేళ్ళుగా పిల్లలు బోల్తా పడటం చూస్తున్నాను. నా అర్హత అదే.

అక్టోబర్ 18

ఇవాళంతా ద్రవాలు, పీడనం. U ఆకారం గొట్టంలో ఒక పక్క నీళ్ళు, ఒక పక్క నూనె. అడుగున పీడనం ఎంత అంటే నీటి లోతు లెక్కగట్టి చేతులు దులుపుకున్నాను. పైనున్న గాలిని కలపడం మరిచిపోయాను. ఏటా నలభై మంది పిల్లల్ని తిట్టే తప్పు అది.

ప్రొఫెసర్ ప్యొన్ మాత్రం తెగ సంబరపడ్డాడు. భేష్ తక్ టీచర్ గారూ, మీరే పడ్డారంటే దేశమంతా పడుతుంది, అన్నాడు. మెచ్చుకోలో ఎత్తిపొడుపో అర్థం కాలేదు. ఆయన కళ్ళ కింద సంచులు వేలాడుతున్నాయి. మేమందరం అలాగే ఉన్నాం.

అక్టోబర్ 19

నా కిటుకు ఒకటుంది. ప్రశ్న చేతికి రాగానే నేను గ్యుబొమ్‌ని అయిపోతాను.

రెండేళ్ళ క్రితం మా బడి నుంచి బయటపడ్డ కుర్రాడు. నాన్న ఓడలు కట్టే చోట వెల్డర్. వీడికి ఓడల ఇంజనీరింగ్ కావాలి. ఈ పరీక్ష రెండుసార్లు రాశాడు, రెండుసార్లూ వెంట్రుకవాసిలో పోయింది. ఇది మూడోసారి. ఈసారీ పోతే, ఇక్కడ మగపిల్లలంతా తప్పనిసరిగా చేయాల్సిన సైన్యం గడువు ముగించుకొచ్చి, నాన్న పక్కనే వెల్డింగ్ పట్టుకుంటానన్నాడు. ఆదివారాలు మా ఇంటికొచ్చి భోజనాల బల్ల మీద లెక్కలు చేస్తాడు. మా ఆయన వాడి కోసం గుమ్మం దగ్గర ఇంటి చెప్పుల జత కూడా పెట్టాడు.

మాకు పిల్లల్లేరు. పరీక్ష రాసే పిల్లలున్న వాళ్ళని ఇక్కడికి రానివ్వరు. కాగితం మీద ‘లేరు’ అని రాసి సంతకం పెట్టాను. అబద్ధమేమీ కాదు.

అక్టోబర్ 20

మళ్ళీ నీళ్ళే. భోజనంలో చారు చూస్తే కూడా లోతెంత అని అడగాలనిపించింది.

అక్టోబర్ 22

పదిహేడో ప్రశ్న వచ్చింది. కాటా మీద బీకరు, బీకరులో నీళ్ళు. దారానికి కట్టిన ఇనుప దిమ్మని నీళ్ళలోకి పూర్తిగా దించారు. అడుగుకి తగల్లేదు. కాటా మునుపటికన్నా ఎక్కువ చూపిస్తుందా, అంతే చూపిస్తుందా?

ఎక్కువే చూపిస్తుంది. నీరు దిమ్మని పైకి నెడుతుంది, దిమ్మ నీటిని అంతే బలంతో కిందికి నెడుతుంది. ఇంకోలా చూసినా అదే. దిమ్మ దిగితే నీటిమట్టం లేస్తుంది, లోతు పెరుగుతుంది, అడుగున పీడనం పెరుగుతుంది.

గ్యుబొమ్ మాత్రం పెరగదంటాడు. దిమ్మని దారం మోస్తోంది కదా టీచర్, మధ్యలో కాటాకేం పట్టింది, అంటాడు. వంటింటి కాటా మీద గిన్నె పెట్టి, వాడి పిడికిలే నీళ్ళలో ముంచి చూపించాను. ముల్లు కదిలింది. పకపకా నవ్వాడు. తర్వాతి వారం మళ్ళీ అదే తప్పు. మిగతావన్నీ చకచకా చేస్తాడు, ఆ ఒక్కచోట బుర్ర అడ్డం తిరుగుతుంది.

ప్రశ్నకి మూడు మార్కులు. కిందటేడు వాడికి తక్కువ పడింది రెండు.

అక్టోబర్ 23

పదిహేడులో తప్పు దొరుకుతుందేమోనని ఉదయం నుంచీ చూస్తున్నాను. తప్పులు వెతకడం నా పనే. కానీ వేరే ఏ ప్రశ్ననీ ఇంతసేపు చూడలేదు. నాకే సిగ్గేసింది.

అక్టోబర్ 24

దొరికింది.

మధ్యాహ్నం భోజనంలో ముల్లంగి చారు. నా గదిలో ఉండే సొల్ టీచర్, కెమిస్ట్రీ ఆవిడ, గిన్నె అంచుదాకా చారు పోయించుకుని అందులో అన్నం ముద్ద పడేసింది. చారు పళ్ళెం దాటి నా ఒళ్ళో పడింది. అయ్యయ్యో అక్కా, ఉన్నవే రెండు ప్యాంట్లు మీకు, అని తుడుస్తోంది. నేను కదలకుండా కూర్చున్నాను. కాలిందా ఏంటక్కా మాట్లాడరే, అంటుంది.

పదిహేడో ప్రశ్న బొమ్మలో నీళ్ళు అంచుదాకా ఉన్నట్టే కనిపిస్తున్నాయి. దిమ్మ దిగితే నీళ్ళు పొర్లి కాటా బయట పడితే? లోతు మారదు, పీడనం మారదు. కాటా మునుపు ఎంత చూపించిందో అంతే చూపిస్తుంది. పొర్లదని ప్రశ్నలో ఎక్కడా లేదు. పైకి వచ్చి మళ్ళీ మళ్ళీ చదివాను. లేదు.

అంటే గ్యుబొమ్ జవాబు కూడా ఒప్పే.

అక్టోబర్ 25

‘నీరు బయటికి పొర్లదు’ అని మూడు మాటలు కలిపితే చాలు, ప్రశ్న బాగుపడుతుంది. అప్పుడు ఒకటే జవాబు. గ్యుబొమ్ తప్పు రాస్తాడు.

నేను నోరు మూసుకుంటే పేపరు అలాగే అచ్చవుతుంది. పరీక్షయిన మర్నాడే ఎవరో ఒకరు కనిపెడతారు, గొడవవుతుంది, చివరికి రెండు జవాబులకీ మార్కులివ్వడం తప్ప దారి ఉండదు. వాడికి మూడు మార్కులు వచ్చేస్తాయి. నేను చేయవలసిందల్లా ఏమీ చేయకపోవడమే.

నేను తప్ప ఎవరూ గమనించలేదు. రేపు ఆఖరి సమావేశం. తర్వాత అచ్చుకి పోతుంది.

సొల్ టీచర్ నా మొహం చూసి, ఇల్లు గుర్తొచ్చిందా అక్కా అంది. అవునన్నాను. ఈ నెల్లో ఆడిన రెండో అబద్ధం.

అక్టోబర్ 26, మధ్యాహ్నం

సమావేశం రెండింటికి. ఏం చెప్పాలో తెలియడం లేదు.

అక్టోబర్ 26, సాయంత్రం

చెప్పేశాను.

ఒక్కో ప్రశ్నకీ అందరం సరే అంటున్నాం, ముద్రలు వేస్తున్నాం. పదిహేడు వచ్చింది. ప్రొఫెసర్ ప్యొన్ ఏమైనా ఉందా అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఆయన కాగితం తిప్పేశాడు. పద్దెనిమిది చదువుతున్నాడు. అప్పుడు నా నోట్లోంచి, నీళ్ళు పొర్లితే అండీ, అని వచ్చింది.

ఆయనకి కోపం నషాళానికి అంటింది. పొర్లడమేంటండీ, పొర్లేట్టు ఎవడైనా పోస్తాడా, పరీక్ష రాసేది పిల్లలా వకీళ్ళా, అన్నాడు. చారు గిన్నె మాట చెప్పాను. ఒకాయన నవ్వాడు. ప్రొఫెసర్ నవ్వలేదు. బొమ్మని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. రెండు నిమిషాలయ్యాక లేచి నా దగ్గరికొచ్చి నడుం వంచి వందనం చేశాడు. మీరు కాపాడారు తక్ టీచర్ గారూ, లేకపోతే నేను పేపర్లకెక్కేవాణ్ణి, నా పిల్లలు బయట తలెత్తుకోలేకపోయేవాళ్ళు, అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నాకు ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. ఆయన కోసం చెప్పలేదు. న్యాయం కోసమా అంటే, అదీ నిజం కాదు. ఆ ప్రశ్న సరిగ్గా చేసే పిల్ల ఒకత్తి ఎక్కడో ఉంటుంది, దాని తల్లీ దాన్ని రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని ఉంటుంది అన్న ఆలోచన ఉదయం నుంచీ పీక్కుతింటోంది. ఆ తలనొప్పి భరించలేక చెప్పాను. చెప్పినా తగ్గలేదు.

వాణ్ణి నేనే ముంచాను. నా ముద్ర వేసి మరీ ముంచాను.

అక్టోబర్ 29

పేపర్లు అచ్చుకి వెళ్ళిపోయాయి. ఇక పని లేదు, కానీ బయటికి పోనివ్వరు. పొద్దస్తమానం పడుకున్నా అలసట తీరడం లేదు.

నవంబర్ 3

ప్రొఫెసర్లు పింగ్‌పాంగ్ ఆడుతున్నారు. కోట్లు విప్పి, చిన్నపిల్లల్లా అరుస్తున్నారు. ప్రొఫెసర్ ప్యొన్ కనబడినప్పుడల్లా నా కోసం ఓ నారింజ పండు తెస్తాడు. తీసుకుంటాను. సొల్ టీచర్‌కి ఇచ్చేస్తాను. ఆ ముసలాయనకి మీరంటే ఏదో ఉందక్కా, అని ఏడిపిస్తుంది.

నవంబర్ 6

ఇవాళ ఆదివారం. వాడు మా ఇంటికొచ్చి ఉండడు. నేను జపాన్‌లో ఉన్నాను కదా. ఊరి గ్రంథాలయంలో కూర్చుని ఉంటాడు. ఇంకోసారి గిన్నె, కాటా ముందు పెట్టి కూర్చోబెట్టి ఉంటే ఎక్కేదేమో. నేను ఇక్కడికి రాకముందటి ఆదివారం ద్రవాలు కాకుండా విద్యుత్తు చేయించాను. ద్రవాలు ఇక చాల్లే టీచర్ అంటే సరేనన్నాను. వాడికన్నా నాకే విసుగు పుట్టి ఉంటుంది.

నవంబర్ 11

కిటికీ ప్లాస్టిక్ ఒక మూల ఊడింది. కొండ మీద ఆకులన్నీ రాలిపోయాయి. కాపలావాడు వచ్చి మళ్ళీ అంటించి, క్షమించండి టీచర్ గారూ అన్నాడు.

నవంబర్ 16

వంటవాళ్ళు సముద్రపు నాచు చారు చేశారు. పరీక్ష ముందు రోజు ఆ జారుడు చారు తింటే మార్కులు జారిపోతాయని మా నమ్మకం. ఒక్కరూ ముట్టలేదు. పరీక్ష మాది కాదు, మేం తినకపోతే ఎవరికి లాభం? అయినా గిన్నెలన్నీ నిండుగా వెనక్కి వెళ్ళాయి. ప్రొఫెసర్ ప్యొన్ ఉత్త అన్నంలో నీళ్ళు పోసుకుని తిన్నాడు.

నవంబర్ 17, పరీక్ష రోజు, మధ్యాహ్నం

ఫిజిక్స్ మొదలై ఉంటుంది. అందరూ సంచులు సర్దుకుని హాల్లో కూర్చున్నారు.

ఇప్పుడు పదిహేడు దగ్గర ఉంటాడు. కాటా పెరుగుతుంది గ్యుబొమ్. దారం సంగతి వదిలెయ్. నీటిమట్టం చూడు. ఎంత లేస్తుందో చూడు.

సొల్ టీచర్ నా చేయి పట్టుకుంది. మీ పెదాలు కదులుతున్నాయక్కా, ఎవరికి దండం పెడుతున్నారు, అంది.

నవంబర్ 17, బస్సులో

ఫోన్ ఇచ్చారు. గ్యుబొమ్ మెసేజ్‌లు ఉన్నాయి.

అక్టోబర్ 27: టీచర్, జపాన్‌లో ఈ ఫోన్ పనిచేస్తుందా? సైన్యం నుంచి కాగితం వచ్చింది. వచ్చే నెల ఏడో తారీకున రమ్మన్నారు. పరీక్ష ఉందంటే వాయిదా ఇస్తారట. మొన్నటి నమూనా పరీక్ష కూడా పోయింది. మీరు రాయమంటే వాయిదా అడుగుతా.

అక్టోబర్ 30: టీచర్?

నవంబర్ 6: ఇవాళ జుట్టు తీయించుకున్నా. రేపు సైన్యానికి వెళ్తున్నా. జపాన్‌లో చలి ఎక్కువట, జాగ్రత్త.

రాయమనేదాన్ని.