నాన్న పాలల్లో ఇక పొడి కలపకు

చిన్నోడా, జిమ్ నుంచి రాగానే ముందు ఇది చదువు. నాన్నని ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. పాదాలు వాచిపోయి చెప్పులు పట్టడం లేదు. నిన్నటి రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ ఫోన్ చేశారు. ఆయన కిడ్నీలు ముందే దెబ్బతిన్నాయట, ప్రోటీన్ ఎక్కువైతే వాటికి మోయలేని భారమట. ఏం పెడుతున్నారని అడిగితే, నాన్ననే అడిగి నీ ప్రోటీన్ పొడి సంగతి చెప్పాను. "ఎవరు కలపమన్నారమ్మా?" అన్నారు.

నాన్న మందులు అయిపోయాయి, చీటీ ఫ్రిజ్ మీద పెట్టాను, కొనుక్కుని రా. నీ పొడి డబ్బా బీరువా మీద పెట్టాను. నువ్వు తాగితే తాగు, దాన్ని నమ్ముకుని తిండి మానకు. గుడ్లు, శనగలు ఉడకబెట్టి ఉంచాను, తిని బయల్దేరు. నాన్న ఏం తినాలో, ఎంత తినాలో ఇకమీదట డాక్టరమ్మే చెబుతారు.

బలం వస్తుందనే ఇచ్చావు, కాదనను. కానీ ఆయన మందులు చూసేదాన్ని ఇంట్లోనే ఉన్నాను కదరా, ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది? నీ ఒంటికి పట్టింది ఆయన ఒంటికీ పడుతుందనుకున్నావు.

అక్క

ఆటో వచ్చింది. నేనిది రాస్తుంటే నాన్న గుమ్మంలో కూర్చుని అంటున్నారు: "వాణ్ని తిట్టకే. తాగితే ఓపిక వచ్చిందని నేనే అబద్ధం చెప్పాను. అంత ఆశగా అడుగుతుంటే లేదని ఎలా అనను?" అది నమ్మే కదూ, నువ్వు ఒక చెంచాని రెండు చేసింది! మీ ఇద్దరిలో ఎవర్ని తిట్టాలో తెలియడం లేదు. త్వరగా రా.