అంచున్న జెండా

ఎమ్మిగనూరు,
ఆదివారం.

చెల్లెలు శోభకు అక్క ఆశీర్వాదాలు. ఆ వెంటనే నాలుగు చీవాట్లు.

ఆదోనిలో మీ వీధివాళ్లంతా కలిసి చేసే ప్రైడ్ పండుగకు, అదే నీలాంటివాళ్లు దాక్కోకుండా తలెత్తుకుని చేసుకునే పండుగకు, ఆరు రంగుల జెండా నేసిమ్మన్నావు. నేసి ఫోటో పంపితే, జెండాకు అంచెందుకని ఫోన్‌లో అరిచావు. చీరలు నేసే చేతులివి. అంచు లేని గుడ్డ వీటికి రాదు. మీ బావైతే "కొంగు యాడుందే?" అని అడిగాడు. అదీ నేశాను. ఇక విప్పేది లేదు. పండుగనాడు కోలాటంలో ఆ కొంగే పట్టుకుని ఆడండి.

అసలు కోపం వేరే ఉంది. పండుగకని నువ్వు అచ్చు వేయించిన కరపత్రంలో పాటలు పాడేవాళ్లు, గోడల మీద బొమ్మలేసేవాళ్లు, చివరికి షామియానా అతని పేరు కూడా ఉంది. జెండా నేసింది మాత్రం 'ఒక శ్రేయోభిలాషి' అట! మా అత్తకు తెలిస్తే నాకు కష్టమని దాచావు కదూ? ఆ అత్తే కరపత్రం చదివి, "మనింట్లో నేసినదానికి ఈ శ్రేయోభిలాషి ఎవురే?" అని నన్ను నిలదీసింది.

తమ్ముడిగా పుట్టిన నిన్ను చెల్లీ అని నోరారా పిలవడానికి నాకు రెండేళ్లు పట్టింది. పిలిచాక దాక్కోవడం నా వల్ల కాదు. కరపత్రం మళ్లీ అచ్చు వేయించు. 'జెండా నేసినది శోభ వాళ్ల అక్క' అని ఉండాలి.

అంతవరకు జెండా నా పెట్టెలోనే ఉంటుంది.

మీ అక్క