మా ప్లాటు ఉన్న పల్లం

పట్టణ ప్రణాళికాధికారి గారికి,

గత నెల పన్నెండున నా భార్య సుకన్య ఉదయం మీ ముసాయిదా మాస్టర్ ప్లాన్‌పై అభ్యంతరపత్రం రాసి, మీ ఆఫీసులో ఇచ్చి వచ్చింది. సాయంత్రం గుండెపోటుతో దవాఖానలో చనిపోయింది.

చెరువు కింది పల్లాన్ని మీరు ఇళ్ల జోన్‌లో చూపారు. వానాకాలం అక్కడ నడుము లోతు నీళ్లు నిలుస్తాయి. మా ప్లాటు కూడా అక్కడే ఉంది; ఇళ్ల జోన్ పోతే దాని ధర పడిపోతుందని నేను ఆ పత్రంపై సంతకం చేయలేదు.

“మన జాగ అని నీళ్లు ఆగుతయా సారూ? జర సంతకం పెట్టుండ్రి,” అంది ఆ ఉదయం సుకన్య నాతో.

రేపు చూద్దామన్నాను.

విచారణకు రమ్మని ఇప్పుడు ఆమె పేరున నోటీసు వచ్చింది. పత్రం ఇచ్చినవారే మాట్లాడాలని అందులో ఉంది. ఆమె రాసింది చదవడానికి నన్ను అనుమతించండి.

రేపు ఉదయం పదింటికి ప్లాటు కాగితాలతో మీ ఆఫీసుకు వచ్చి, ఆమె సంతకం కింద నా సంతకం పెడతాను.