చాక్లెట్టు లేని గుమ్మం

డెమాయిన్, సెప్టెంబరు 27

ప్రియమైన మార్లీస్,

నీ మోకాలు ఎలా ఉంది? నాకు నొప్పులేమీ లేవు గానీ పట్టుదల మాత్రం ఒళ్ళంతా ఉంది. అక్టోబరు ముప్పైన పిల్లలు మిఠాయికి ఇల్లిల్లూ తిరిగే బెగ్గర్స్ నైట్‌కి ఈ ఏడు కూడా మా గుమ్మంలో చాక్లెట్టు ముక్క కనబడదు. ఇది ఖాయం.

నిరుడు నువ్వు ఇక్కడే ఉన్నావుగా, అంతా చూశావు. వీధిలో వందమంది పిల్లలు వేషాలేసుకుని తిరిగితే మన మెట్లెక్కింది పద్నాలుగు మంది. నేనిచ్చిన ఆపిల్స్‌లో మూడు మర్నాడు పొదల్లో దొరికాయి. అంతమాత్రానికి వెనక్కి తగ్గుతానా? ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు నర్సుగా పిల్లల నోళ్ళు తెరిపించి పుచ్చిపళ్ళు చూసినదాన్ని.

ఈసారి ఆపిల్స్ మానేశాను. చిన్న కమలా పళ్ళు తెప్పించి వాటి మీద నల్ల సిరాతో గుమ్మడికాయ మొహాలు గీస్తాను. ఇంకా చిన్న పొట్లాల్లో ఉప్పు వేసిన పాప్‌కార్న్, చీకట్లో మెరిసే ఉంగరాలు, దెయ్యాల బొమ్మలున్న పెన్సిళ్ళు.

అసలు సంగతి పక్కింటి ఎమెట్. ఎనిమిదేళ్ళవాడు. మార్చిలో వాడికి షుగర్ బయటపడింది. రోజూ వేలి నుంచి రక్తం తీసి చూడాలి, తినేదాన్ని లెక్కకట్టి ఇన్సులిన్ సూదులు వేయాలి. ఈ ఏడు తిరగడానికి వెళ్ళనంటున్నాడట. "అందరూ సంచీ తెచ్చుకుని తింటారు. నాది మాత్రం అమ్మ బల్ల మీద పోసి లెక్కపెడుతుంది" అన్నాడని వాళ్ళమ్మ కొరీన్ చెప్పి కళ్ళు తుడుచుకుంది. వాడు ఒక్క గుమ్మమైనా ఎక్కాలి. అది నాదే కావాలి.

నీ మొండి అక్క,
ఆర్డిత్

*

డలూత్, అక్టోబరు 5

అక్కా,

నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ పెన్సిళ్ళా! దెయ్యం వేషం వేసుకుని చలిలో ఇల్లిల్లూ తిరిగేది హోంవర్కు రాసుకోవడానికా?

నేను రెండు పెద్ద సంచుల చాక్లెట్లు కొన్నాను. ఒకటి పిల్లలకి. రెండోది కూడా పిల్లలకే అనుకో, కాస్త ఖాళీ అయింది.

ఇక్కడి పిల్లలు తలుపు కొట్టి సంచీ చాపుతారు, అంతే. జోకు చెప్తే గానీ మిఠాయి దొరకదన్న మన డెమాయిన్ పద్ధతి ఇక్కడ లేదు. నాకు అదొక్కటే బెంగ. ఆరేళ్ళప్పుడు నేను ఒకే జోకు పదకొండు ఇళ్ళలో చెప్పి, పన్నెండో ఇంటి ముందు మరిచిపోయి ఏడిస్తే, నువ్వే వెనక నుంచి చెవిలో అందించావు. గుర్తుందా?

నీతో ఇంకో మాట చెప్పాలనుంది. కానీ నీ కోపం నాకు తెలుసు కనుక మింగేస్తున్నాను.

ప్రేమతో, నీ చెల్లి,
మార్లీస్

*

డెమాయిన్, అక్టోబరు 14

ప్రియమైన మార్లీస్,

మాట మింగితే అజీర్తి చేస్తుంది. చెప్పెయ్.

ఇక్కడ నాకు తల కొట్టేసినట్టయింది. మొన్న ఆకులు ఊడుస్తుంటే ఎమెట్ కంచె దగ్గరికొచ్చి, "నర్సమ్మగారూ, మీకోసం ఒక జోకు..." అన్నాడు. "జోకులకేం తొందర నాన్నా, ముందు ఈ కమలాలు చూడు. ఒక్కోదానికి ఎంత మందు కావాలో నేనే చీటీ రాసి అంటిస్తాను, మీ అమ్మకి లెక్కపెట్టే పని తప్పుతుంది" అన్నాను. వాడు థాంక్స్ చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. మర్నాడు కొరీన్ చెప్పింది, ఇక మా గుమ్మం కూడా ఎక్కనన్నాడట.

నేనేం తక్కువ చేశాను? నూట ఇరవై కమలాలకి చెప్పి ఉంచాను. ఒక్కడు రాకపోయినా అన్నిటికీ మొహాలు గీసి తీరతాను.

ఆర్డిత్

*

డలూత్, అక్టోబరు 19

అక్కా,

అయితే విను. చదివాక చింపెయ్, కానీ మొత్తం చదువు.

నిరుడు నీ పక్కన కుర్చీలో కూర్చుని అంతా చూశాను. గబ్బిలం వేషం వేసుకున్న ఒక పిల్ల వచ్చి, "దెయ్యం బడికి ఎందుకు వెళ్ళదో చెప్పండి" అంది. నువ్వు "సరే సరే, చలిలో నిలబడకు, ఆపిల్ పట్టుకో, పడుకునే ముందు పళ్ళు తోముకో" అని పంపేశావు. ఆ పిల్ల మెట్లు దిగుతూ, "హాజరు పిలిస్తే టీచరుకి కనబడదు కనుక" అని తనలో తనే చెప్పుకుంది. నాకు వినబడింది. పద్నాలుగు మందికీ నువ్వు అదే చేశావు. ఆ కబురు వీధంతా పాకి ఉంటుంది.

తప్పు ఆపిల్‌ది కాదక్కా. పేరుకే అది ముష్టి రాత్రి. మన ఊరి పిల్లలు జోకు చెప్పి సంపాదించుకుంటారు. జోకు వినకుండా చేతిలో పెడితే అది నిజంగానే ముష్టి అవుతుంది. ఎమెట్‌కి మార్చి నుంచి సూదులు, లెక్కలు, జాలి అన్నీ పెద్దవాళ్ళే ఇస్తున్నారు. వాడి చేతిలో ఉన్నది ఒక్క జోకు. అది కూడా నువ్వు పుచ్చుకోలేదు.

కోపం తగ్గాక రాయి.

మార్లీస్

*

డెమాయిన్, అక్టోబరు 31

ప్రియమైన చెల్లీ,

నీ ఉత్తరం చింపలేదు. రెండు రోజులు నీతో మనసులోనే పోట్లాడి, మూడో రోజు ఓడిపోయాను. కంచె దగ్గరికి వెళ్ళి ఎమెట్‌తో, "నీ జోకు నేను వినలేదు, నాదే తప్పు. ముప్పయ్యో తారీఖున కుర్చీ వేసుకుని కూర్చుంటాను" అన్నాను. వాడు భుజాలెగరేసి లోపలికి వెళ్ళిపోయాడు.

నిన్న సాయంత్రం ఆరింటికి మెట్ల మీదికి కుర్చీ లాగాను. అట్టముక్క మీద రాసి కట్టాను: "చాక్లెట్లు లేవు. జోకులు పూర్తిగా వింటాను." మొదట ముగ్గురు వచ్చారు. వాళ్ళు వెళ్ళి ఇంకెవరికి చెప్పారో, ఏడింటికల్లా గేటు దాకా వరస. ఒక సముద్రపు దొంగ బుట్టలోకి తొంగి చూసి, "నిజంగానే చాక్లెట్లు లేవా?" అన్నాడు. లేవన్నాను. "పోనీలెండి, నా దగ్గర ఇంకో జోకుంది" అని రెండు కమలాలు కొట్టేశాడు.

ఎనిమిదికి అంతా ఆగిపోతుంది కదా. ఐదు నిమిషాలుందనగా, బుట్ట అడుగున నాలుగు కమలాలు మిగిలాయనగా, ఎమెట్ వచ్చాడు. నల్లటి కండువా కప్పుకున్నాడు. చేతిలో సంచీ లేదు.

"నర్సమ్మగారూ, రక్తపిశాచి నన్నెందుకు కొరకడో తెలుసా?"

చలికి వాడి ముక్కు ఎర్రబడింది. టోపీ ఏదిరా అని నోటి దాకా వచ్చింది. మింగేశాను. "తెలీదు నాన్నా. ఎందుకు?"

"నా రక్తం మరీ తీపి. కొరికితే వాడి పళ్ళు పుచ్చిపోతాయి. అప్పుడు మీరు వాడికి చీవాట్లు పెడతారు!"

మార్లీస్, నేను నవ్వాను. కళ్ళజోడు తీసి తుడుచుకోవలసి వచ్చేదాకా నవ్వాను, అందులో కొంత నవ్వు కాదు. ఆ జోకు వేరే గుమ్మంలో చెప్పడానికి పనికిరాదట, పళ్ళ గొడవ నా ఒక్కదానిదే కనుక. ఆగస్టు నుంచి నాకోసమే దాచాడట.

కమలా పండు అందిస్తే వద్దని, మెరిసే ఉంగరం తీసుకున్నాడు. "దీనికి లెక్క ఉండదుగా" అన్నాడు. ఉండదన్నాను. వేలికి పెట్టుకుని, గేటు దాటి ఎడమవైపు వాళ్ళింటికి తిరగాల్సినవాడు కుడివైపు తిరిగి, తరవాతి ఇంటి మెట్లెక్కాడు. అక్కడ వేరే జోకు చెప్పాడని కొరీన్ అంది.

పెన్సిళ్ళు మాత్రం ఒక్కరూ ముట్టుకోలేదు, నీ మాటే నెగ్గింది. ఒక డజను నీకు పంపుతున్నాను. నాకు ఉత్తరాలు వాటితోనే రాయి. ఏదీ మింగకుండా రాయి.

నీ అక్క,
ఆర్డిత్