రెండో మెషీన్ వెనకవైపు

ఏప్రిల్ 24, 2025

మూడో మెషీన్ మళ్లీ ఆగింది. ఎలక్ట్రీషియన్ ఆనందరావు బాబాయి గారు సెలవు. ఇంకేముంది, దాన్ని నడిపే ప్రోగ్రాం లోపల ఏముందో ఆయనొక్కరికే తెలుసు. మిగతా అందరం కొబ్బరిపొడి బస్తాల మీద కూర్చున్నాం. మధ్యాహ్నం రెండింటికి ఇళ్లకి పొమ్మన్నారు.

ప్యాకింగ్ మెషీన్లు నాలుగు. ముగ్గురు తయారు చేసినవి. ఒకదాంట్లో స్టాప్ నొక్కితే ఆగుతుంది. ఇంకోదాంట్లో నొక్కితే, చేతిలో ఉన్న ప్యాకెట్ పూర్తి చేసుకుని తీరిగ్గా ఆగుతుంది. మూడోదాంట్లో ఎర్రలైటు వెలిగితే పొడి అయిపోయిందని అర్థం. నాలుగోదాంట్లో వెలిగితే ఏమీ లేదు, అది అలా వెలుగుతూ ఉంటుందంతే. ఇదీ మా కొత్తపేట ఫ్యాక్టరీ.

నా పేరు ప్రశాంతి. పెట్టినవాళ్లకు ముందుచూపు లేదు.

ఏప్రిల్ 28

హెడ్డాఫీసు నుంచి మెయిల్. అన్ని ప్లాంట్లలో, అన్ని మెషీన్లలో ఇక ఒకటే సాఫ్ట్‌వేర్. పొడి తూచేది ఒక మాడ్యూల్, కవరు లాగేది ఒకటి, సీల్ వేసే దవడలు ఒకటి, కత్తిరించేది ఒకటి. మెషీన్ ఎవరు చేసినా మాడ్యూళ్లు అవే, పేర్లు అవే, స్క్రీన్ అదే. ఒకటి నేర్చుకుంటే నాలుగూ వచ్చినట్టే. ఒక మనిషి సెలవు పెడితే నలభై మంది ఇంటికి పోనక్కర్లేదు. చదువుతుంటే ఒళ్లు ఝల్లుమంది.

ఎవరు చేస్తారని మేనేజర్ సత్యదుర్గారావు గారు అడిగారు. ప్యాకింగ్ బల్ల దగ్గర్నుంచి చెయ్యి ఎత్తాను. పాలిటెక్నిక్ సగంలో మానేసేవు కదమ్మా అన్నారు. ఫోన్‌లో చూసి నేర్చుకున్నానండీ అన్నాను. ఫోన్‌లో చూసి పులిహోర నేర్చుకుంటారు, మెషీన్ నడిపే పీఎల్‌సీ ప్రోగ్రాం కాదు అని అందరినీ నవ్వించారు. అక్కడే లాప్‌టాప్ పెట్టి, ఆరు నెలలుగా నాలుగో మెషీన్‌లో ఉన్న తూకం తప్పు సరిచేశాను. నవ్వు ఆగింది.

మే 22న ట్రయల్. హెడ్డాఫీసు సార్ వచ్చి చూస్తారు. పాసైతే నేను టెక్నీషియన్. కాకపోతే మళ్లీ ప్యాకింగ్ బల్ల.

మే 3

బాబాయి గారి ప్రోగ్రాం తెరిచాను. ముళ్లకంప. ఒక్కో వైరుకీ ఒక నంబరు, ఎక్స్-7, ఎక్స్-9, ఎక్స్-14. ఏది ఏమిటో ఒక్క కామెంటూ లేదు. పదకొండేళ్లు రాస్తూ పోయారు, ఒక్కదానికీ పేరు పెట్టలేదు.

క్యాంటీన్‌లో అందరి ముందే అడిగేశాను. ఇది ప్రోగ్రామా బాబాయి గారూ, తాళం వేసుకున్న బీరువానా, మీరు లేకపోతే ఎవరికీ చేతకాకూడదనేగా అన్నాను. ఆయనకు కోపం రాలేదు. ఆయ్, తీసెయ్యమ్మా, అంతా తీసెయ్యి, కానీ ఏది తీసినా ముందు మెషీన్ చుట్టూ ఓసారి తిరిగి రా, వెనక్కి కూడా వెళ్లి చూడు అన్నారు. ప్రోగ్రాం లాప్‌టాప్‌లో ఉంటుందండీ, మెషీన్ వెనక కాదు అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వేరు.

ఆ నవ్వే నచ్చలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మే 9

బాబాయి గారిని జనరేటర్ షెడ్డుకి మార్చారు. కొత్త సాఫ్ట్‌వేర్‌కి ఆయన అవసరం లేదట. టెస్టరు, క్యారేజీ పట్టుకుని వెళ్లిపోయారు. 

రెండో మెషీన్ వెనక నుంచి ఎలీసమ్మ పిన్ని చూస్తోంది. ఆవిడ బాబాయి గారి భార్య. ఆ మెషీన్ ఒక్కటే గోడవైపు ఇరుకులో ఉంటుంది. ముందున్న ఆపరేటర్‌కీ వెనకున్న మనిషికీ మధ్య పెద్ద గరాటు అడ్డం. ఆ మోతలో పదకొండేళ్లు నిలబడి ఆవిడకు ఒక చెవి పోయింది, రెండోది సగం. పిలవాలంటే భుజం తట్టాలి. మా చర్చి బోర్డు మీద ప్రతి శనివారం సుద్దతో వాక్యం రాసేది ఆవిడే. అక్షరాలు అచ్చేసినట్టుంటాయి.

నేనేం ఆయన్ని పంపించమనలేదు.

మే 14

రెండో మెషీన్‌లో ఎక్స్-14. డ్రాయింగ్‌లో లేదు. స్టాండర్డ్ లిస్టులో లేదు. షెడ్డుకి వెళ్లి అడగొచ్చు. వెళ్లను. ‘స్పేర్’, అంటే వాడకంలో లేదు అని రాసి తీసేశాను.

మే 22

పాస్.

నాలుగు స్క్రీన్లు, ఒకటే రంగు, ఒకటే పేర్లు. దొరబాబు రెండో మెషీన్ ఆపరేటర్. వాడిని నాలుగో దాని ముందు నిలబెడితే ఎవరినీ అడగకుండా నడిపేశాడు. ఎండాకాలం పొడి, ఇసకలా జారింది. గంటసేపు ఒక్క ప్యాకెట్ ఇరుక్కోలేదు. హెడ్డాఫీసు సార్ చెయ్యి కలిపి వెరీ క్లీన్ అన్నారు. బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

బయటికొస్తే ఎలీసమ్మ పిన్ని పొడి చేతులతో బుగ్గలు పట్టుకుంది. మా పిల్లే, మా పిల్లే చేసింది అని అరిచింది. చెవులు వినపడనివాళ్లు మెల్లగా మాట్లాడలేరు కదా, ప్లాంటంతా వింది. మొగుణ్ణి షెడ్డుకి పంపిన పిల్లని పట్టుకుని.

జూన్ 12

వాన. పొడి తేమ పట్టి అంటుకుంటోంది. కవర్లు దవడల మధ్య ఇరుక్కుంటున్నాయి. మెషీన్ ఆపడం, ఆడవాళ్లు వెనక నుంచి చెయ్యి పెట్టి లాగడం, మళ్లీ స్టార్ట్. వెనకవైపు రేకులు విప్పేసి ఎన్నేళ్లయిందో. అవి ఉంటే చెయ్యి పట్టదు. అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

రెండోది మాత్రం ట్రయల్ అయినప్పటి నుంచీ ఆగే ఉంది. ఫిల్మ్ రోల్ రాలేదు.

జూన్ 18

రోల్ వచ్చింది. రేపట్నుంచి రెండోది కూడా.

జూన్ 19, సాయంత్రం 4:10

ఎలీసమ్మ పిన్ని చెయ్యి.

జూన్ 20

రాస్తాను. రాయకపోతే ఇంకెవరూ రాయరు.

నిన్న పొద్దుట పదకొండుకి కవరు ఇరుక్కుంది. మెషీన్ ఆగింది. పిన్ని వెనక నుంచి చెయ్యి పెట్టింది. ముందు దొరబాబు స్టార్ట్ నొక్కాడు. దవడలు మూసుకున్నాయి. నూటయాభై డిగ్రీలు. ఆ అరుపు జనరేటర్ షెడ్డు దాకా వినపడింది. బాబాయి గారు పరిగెత్తుకొచ్చేరు. ఆయన పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

దొరబాబు నేల మీద కూలబడి ఒకే మాట అంటున్నాడు. నేనెప్పుడూ ముందే నొక్కి ఉంచుతానండీ, వెనక పిన్ని గారు నొక్కితేగానీ కదలదు కదండీ, ఎప్పుడూ అంతే కదండీ అని.

వెనక ఏం నొక్కుతుంది?

అప్పుడు వెళ్లాను. మెషీన్ వెనక్కి. మొదటిసారి. నడుము ఎత్తున, ఇన్సులేషన్ టేపు చుట్టి, ఒక పచ్చ బటన్. వేలు తగిలి తగిలి రంగు పోయింది. మెషీన్ ఆగితే ఆ బటన్ నొక్కేదాకా మళ్లీ కదలదు. పిన్నికి పిలుపు వినపడదు, దొరబాబుకి పిన్ని కనపడదు. అందుకని ఆ బటన్. వైరు పట్టుకుని ప్యానెల్ దాకా వెళ్లాను. ఎక్స్-14.

బటన్ అక్కడే ఉంది. దాని వెనక ప్రోగ్రామే లేదు. నేను తీసేశాను. మెషీన్ తన చేతిలో ఉందనుకుంది పిన్ని. దొరబాబు ఆవిడ చేతిలో ఉందనుకున్నాడు.

నొక్కాను. ఏమీ కాలేదు. ఎన్నిసార్లు నొక్కానో తెలీదు. ఎవరో వచ్చి నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగారు.

జూన్ 21

రిపోర్టు వచ్చేసింది. వెనక రేకు లేదు, వర్కర్ చెయ్యి పెట్టింది, మానవ తప్పిదం. సత్యదుర్గారావు గారు పిలిచి, నీ పేరు ఎక్కడా లేదమ్మా, ధైర్యంగా ఉండు అన్నారు.



జూన్ 22, ఆదివారం

చర్చి బోర్డు మీద పోయిన వారం వాక్యమే ఉంది. ఎవరూ చెరపలేదు. ఆవిడ రాత చూస్తూ లోపల కూర్చోలేకపోయాను.

జూన్ 24

అమలాపురం ఆస్పత్రి నుంచి నిన్న ఇంటికి తెచ్చేరు. కుడిచెయ్యి, రెండు వేళ్లు తీసేశారు. చూపుడు వేలు, మధ్య వేలు.

గుమ్మంలోనే నిలబడ్డాను. బాబాయి గారు లోపలికి రమ్మనలేదు, పొమ్మననూ లేదు. ఎక్స్-14 ఏమైందమ్మా అన్నారు. తీసేశానండీ అన్నాను. ఆయ్ అన్నారు. అంతే. లోపలికెళ్లి టీ తెచ్చేరు. రెండు గ్లాసులు. 

ఆయన గ్లాసు కింద పెట్టారు. తప్పు నాది కూడానమ్మా, పేరు రాయలేదు అన్నారు. ఎందుకు రాయలేదండీ అంటే తల దించుకున్నారు. యాభై ఆరేళ్ల మనిషి. పెళ్లాం కోసం బటన్ పెట్టేడని ప్లాంటులో నవ్వుతారని సిగ్గేసిందమ్మా అన్నారు. పేరు రాస్తే ఏం రాయాలి, ఎలీసమ్మ అనా అన్నారు. నవ్వబోయి ఆగిపోయారు.

లోపల్నుంచి పిన్ని, ఎవరండీ వచ్చిందీ అని అరిచింది. మన ప్రశాంతేనే అని ఆయన గట్టిగా చెప్పేరు. అన్నం తిని వెళ్లమనండీ అంది.

తినలేదు. పరిగెత్తుకొచ్చేశాను.

జూన్ 25

హెడ్డాఫీసుకి మెయిల్. నాలుగు లైన్లు. రెండో మెషీన్ వెనక బటన్ ఉంది. అదేమిటో తెలుసుకోకుండా ప్రోగ్రాం నుంచి తీసేసింది నేను. తీయొద్దని ఎవరూ అనలేదు, ముందు వెనక్కెళ్లి చూడమన్నారు. వెళ్లలేదు. రిపోర్టు మార్చండి. కింద నా పేరు, ఎంప్లాయీ నంబరు.

జూలై 4

జవాబు. రిపోర్టు క్లోజ్ అయిందట, మార్చరట. ఇలాంటివి మెయిల్‌లో రాయొద్దట. కానీ పాయింట్ వ్యాలిడ్ అట. వెనకవైపు బటన్‌ని మాడ్యూల్‌గా చేసి పంపితే అన్ని ప్లాంట్లకీ స్టాండర్డ్‌లో కలుపుతారట. గుడ్ లర్నింగ్ అట.

రెండు వేళ్లు. గుడ్ లర్నింగ్.

ఫోన్ గోడకేసి కొట్టబోయి ఆగాను. మాడ్యూల్ రాయాలి కదా.

జూలై 13, ఆదివారం

బోర్డు చెరిపేశారు. పాస్టర్ గారబ్బాయి రాశాడు. ఎవరో ఒకరు రాయాలి. తెలుసు.

పిన్ని మూడో వరసలో కూర్చుంది, కుడిచెయ్యి కొంగులో. బోర్డు వైపు చూడలేదు.

జూలై 29

ఆ బటన్ ఇప్పుడు మాడ్యూల్ నంబరు పన్నెండు. సీల్ మాడ్యూల్‌కి దాన్ని గట్టిగా ముడివేశాను. పన్నెండు లేకపోతే దవడలు కదలవు. స్పేర్ అని రాసి పక్కన పెట్టే తెలివైనవాళ్లెవరైనా వస్తే మెషీనే ఒప్పుకోదు.

వెనకవైపు రేకులు మళ్లీ బిగించారు. చెయ్యి పట్టేంత తలుపు పెట్టి, అది తెరిస్తే మెషీన్ ఆగేట్టు చేశారు. ఇన్నేళ్లూ చెయ్యలేని పని మూడు రోజుల్లో అయిపోయింది.

నాలుగు మెషీన్లకీ బటన్ల వైర్లు లాగడానికి షెడ్డు నుంచి బాబాయి గారిని పంపేరు. రోజంతా పని చేశారు.  చివర్లో ఒక్కో బటన్ పైన తెల్లటేపు ముక్క అంటించి, నా చేతికి స్కెచ్ పెన్ ఇచ్చి, పేరు రాయమ్మా అన్నారు.

స్టాండర్డ్ పేరు ఇంగ్లీషులో పెద్దది ఒకటి ఉంది. అది రాయలేదు. ‘వెనక మనిషి ఉంది’ అని రాశాను. ప్రోగ్రాంలో కామెంటూ అదే. ముప్పై ప్లాంట్లకి వెళ్తుంది. ఎవరికి అర్థమైనా కాకపోయినా.

ఆగస్టు 8

రెండో మెషీన్ వెనక కొత్తగా కనకమహాలక్ష్మి అని ఒకావిడ. కవరు ఇరుక్కుంటే తీసింది. తలుపు వేసింది. బటన్ నొక్కడం మర్చిపోయింది. మెషీన్ కదల్లేదు. దొరబాబు స్టార్ట్ నొక్కలేదు. ఎవరూ ఆవిడను పిలవలేదు. ఆవిడే బటన్ నొక్కేదాకా అందరం అలాగే నిలబడ్డాం.