మూడు పేటల దారం

బావా,

నిన్నటితో నీ సంవత్సరీకం అయిపోయింది. ఇవాళ పొద్దున్నే అక్క చూరులోంచి నీ గాలం తీసి, "ఒరేయ్, కాలవకి పోదాం పద" అంది. నీ చేపల పిచ్చిని ఇన్నేళ్లు తిట్టిన మనిషేనా ఈవిడ!

పాత దారం చివికిపోయింది. కొత్త నైలాన్ దారం తెచ్చి, రెండు పేటలు చాలన్నాను నేను.

"తూటిపొదలో కొరమీను మెలి తిరిగితే రెండు పేటలైతే తెగుద్ది. నాలుగైతే మొద్దుగా ఉండి చేప పసిగట్టుద్ది. మూడే" అంది. అచ్చం నీ మాటే. జడల్లినట్టు బిగించి అల్లింది. నీలాగే ఆ దారంతో బావిలోంచి నిండు బకెట్టు చేది చూసింది. తెగలా.

నకరికల్లు దగ్గర కాలవలో మోచెయ్యంత కొరమీను పడింది. అక్క దాన్ని తూటికాడలతో సహా గట్టుకి లాగేసింది. నేను చంకలు గుద్దుకుంటుంటే, "ఏందిరా ఆ గోల, బుట్ట తే" అని కసిరింది, నవ్వు దాచుకుంటా.

మధ్యాహ్నం పులుసులో తలకాయ ముక్కని అలవాటుగా నీకని పక్కన తీసిపెట్టింది. కాసేపు చూసి, నా పళ్లెంలో వేసింది.

"తిను, చల్లారిపోద్ది" అంది.

తిన్నా బావా. చానా బాగుంది.